రెండో టేకు గారు

మా మామయ్య ఏనాడూ మొదటి టేకు సరిగ్గా చెయ్యలేదు. ఇదేమీ నింద కాదు, సినిమా వాళ్ళందరికీ తెలిసిన సంగతే. కొందరికి దుమ్ము పడదు, కొందరికి పాలు పడవు, మామయ్యకు మొదటి టేకు పడదు. డైలాగు మరిచిపోతాడు. కుర్చీ లేనిచోట కూర్చుంటాడు. తొయ్యాల్సిన తలుపును లాగుతాడు. శవంగా పడుకోబెడితే తుమ్ముతాడు. అదే మనిషి రెండో టేకులో చేస్తే ఎదుటివాళ్ళు తమ మాట మరిచిపోయి నోరు తెరుచుకుని చూస్తారు. అందుకే పరిశ్రమలో ఆయన్ను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. రెండో టేకు గారు అంటారు. ఇంటికి కొరియర్ తెచ్చేవాడు కూడా గుమ్మంలో నిలబడి అదే పేరు కేక వేస్తాడు. మామయ్య ‘వస్తున్నా’ అని జవాబిస్తాడు.

ఈయన నాకు స్వయానా మేనమామ. ఇంజనీరింగ్ సగంలో, ఇంకొక్క పాఠం విన్నా చచ్చిపోతానని తేల్చుకుని నేను ఇంటికి వచ్చేస్తే, మా అమ్మ రెండ్రోజులు మాట్లాడలేదు. మూడోరోజు తమ్ముడికి ఫోన్ చేసి, వీడు దేనికీ పనికిరాడు, నీ దగ్గర పెట్టుకో అని చెప్పింది. నేను పక్కనే కూర్చుని అన్నం తింటున్నాను. పనికిరానివాళ్ళు వస్తే తనకు సంతోషమేననీ, వాళ్ళ పక్కన నిలబడితే తను కాస్త పనికొచ్చేవాడిలా కనిపిస్తాడనీ అటునుంచి మామయ్య అన్నాడట. అమ్మ నవ్వేసింది. అలా నేను బస్సెక్కాను.

మామయ్య మొదలైంది నాటకాల్లో. ఊరూరూ తిరిగే సమాజం అది. ఓ పాత వ్యాను, అందులో తెరలు, తెరల మీద ట్రంకుపెట్టెలు, పెట్టెల మీద నటులు. దాన్ని నడిపే పెద్దాయనను అందరూ మేష్టారు అనేవారు. ఆయనకు జీవితంలో రెండే పనులు: నాటకాలు వెయ్యడం, మామయ్యను తిట్టడం. కొత్త నాటకం మొదటి ప్రదర్శన అంటే మేష్టారుకు వారం ముందునుంచే ఒళ్ళు వెచ్చబడేదట.

ఒకసారి రాజుల నాటకం. మామయ్య మంత్రి. రాజు వేషం ఓ బ్యాంకు గుమస్తాకు దక్కింది. మనిషి చూడ్డానికి నిండుగా ఉంటాడు, గొంతు బాగుంటుంది, కానీ అంతకుముందు స్టేజీ ఎక్కినవాడు కాదు. తెర లేవబోయే ముందు ఆయన ఓ స్తంభాన్ని కౌగిలించుకుని నిలబడ్డాడు, తల మీద కిరీటం గజ్జెలా మోగుతోంది. ఎలాగో లాక్కొచ్చి సింహాసనం మీద కూర్చోబెట్టారు. తెర లేచింది. రాజుగారి నోరు తెరుచుకుంది, మాట రాలేదు. అప్పుడు మంత్రిగారు ప్రవేశించారు. పట్టుశాలువా, నడుముకు కత్తి, చేతిలో విప్పిన నల్ల గొడుగు.

హాలు గొల్లుమంది. మామయ్య మాత్రం చాలా గంభీరంగా వంగి నమస్కరించాడు, గొడుగు కూడా ఆయనతోపాటే వంగింది. రాజుగారు ఆ గొడుగు వైపు కాసేపు చూసి, ‘మంత్రీ, మా సభలో కూడా వానేనా?’ అన్నారు. అది నాటకంలో లేని మాట. చప్పట్లు ఆగలేదు. ఇక రాజుగారిని పట్టడం ఎవరి తరమూ కాలేదు. చివరి అంకంలో చచ్చిపోవాల్సిన మనిషి, నాలుగు పద్యాలు పాడితే గానీ ప్రాణం విడవనన్నాడు.

తెర దిగాక మేష్టారు మామయ్యను మూలకు తీసుకుపోయారు. నువ్వు మంత్రివా, గొడుగులు అమ్మేవాడివా అని అడిగారు. తొందరలో చేతికి ఏది దొరికితే అది పట్టుకొచ్చానండీ అన్నాడు మామయ్య. ఆ తర్వాత ప్రతి కొత్త నాటకానికీ మేష్టారు స్వయంగా తెర పక్కన నిలబడి, మామయ్యను పోలీసుల్లాగా నిలువునా తడిమి చూసి లోపలికి పంపేవారు. ఓసారి ఆయన జేబులు తడుముతూ ఉంటే, మామయ్య సగం మీసంతో స్టేజీ మీదికి వెళ్ళిపోయాడు. ఆ రోజు రాకుమారి వేషం వేసిన పిల్ల, ఆ రెండో సగం ఏదా అని ఆయన మొహమంతా వెతుకుతూ తన భయం సంగతే మరిచిపోయిందట. ఇవన్నీ చెప్పి నవ్వడం మాకు అలవాటు. చెప్పేవాడు మామయ్యే, ముందుగా నవ్వేవాడూ ఆయనే.

సినిమాలోకి ఎలా వచ్చాడంటే, ఓ దర్శకుడి కారు దారిలో చెడిపోయింది. మెకానిక్కు బాగుచేసేలోపు ఏం చెయ్యాలో తోచక ఆయన పక్కనే జరుగుతున్న నాటకానికి వెళ్ళి కూర్చున్నాడు. అది రెండో ప్రదర్శన. మొదటిదానికి వచ్చి ఉంటే మెకానిక్కు దగ్గరికే తిరిగి వెళ్ళిపోయేవాడు, ఈ కథ కూడా అక్కడితో ఆగేది. మామయ్య నటన చూసి ఆయనకు మతిపోయింది. వచ్చే నెల నా సినిమాలో ఇన్‌స్పెక్టరు వేషం ఉంది, వచ్చెయ్యమన్నాడు.

మొదటిరోజు చెయ్యాల్సిన పని చాలా చిన్నది. ‘నిన్ను అరెస్టు చేస్తున్నాను’ అనాలి, హీరో చేతులకు బేడీలు వెయ్యాలి. హీరో కూడా కొత్తవాడే. ఆ హీరోను ఇవాళ చూడాలంటే అపాయింట్‌మెంటు కావాలి గానీ, ఆ రోజు ఆయన మోకాళ్ళు ఒకదానికొకటి కొట్టుకోవడం దూరం నుంచి కూడా కనిపించేదట. కెమెరా అన్నారు. మామయ్య మెరుపులా వచ్చాడు, ‘నన్ను అరెస్టు చేస్తున్నాను’ అన్నాడు, బేడీ ఒక వైపు హీరో చేతికి, రెండో వైపు తన చేతికి వేసేశాడు. తాళంచెవి అడిగితే లేదు. అది ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ప్రొడక్షన్ వాళ్ళు దాన్ని వెతికే లోపు భోజనాల వేళ అయింది. హీరో, ఇన్‌స్పెక్టరు ఒకే బల్ల దగ్గర కూర్చుని చెరో చేత్తో తిన్నారు. నీళ్ళ గ్లాసు ఎత్తాలన్నా ఇద్దరూ కలిసి ఎత్తాల్సిందే. తాళంచెవి దొరికేసరికి ఇద్దరూ ఒకరి ఇంటి సంగతులు ఒకరికి చెప్పుకుని ఉన్నారు. చివరికది మామయ్య టోపీలోనే దొరికింది. రెండో టేకు ఒక్కసారికే ఓకే అయింది, ఇద్దరిదీ.

ఆ హీరో ఇప్పటికీ ఏ ఇంటర్వ్యూలోనైనా ఈ కథ చెప్తాడు. తన అదృష్టం కొద్దీ మొదటిరోజే తనకన్నా ఘోరమైనవాడు పక్కన పడ్డాడని అంటాడు. మామయ్య టీవీ ముందు కూర్చుని, ‘నిజమే, ఘోరమే’ అని తల ఊపుతాడు.

తర్వాత వేషాలు వరసగా వచ్చాయి. తండ్రి, మేనేజరు, జడ్జి, ప్రతినాయకుడి తమ్ముడు, చనిపోయిన జమీందారు గోడ మీది ఫోటో. దర్శకులు కూడా తెలివి మీరారు. ఈయన మొదటి టేకు ఎలాగూ వృథా కాబట్టి, క్లాప్ కొట్టించి, యాక్షన్ అని అరిచి, కెమెరా మాత్రం తిప్పకుండా ఊరుకునేవారు. ఫిల్ము కాలంలో అదో పెద్ద పొదుపు. ఓసారి ఆస్పత్రి సీను. మామయ్యకు ఎదురుగా, ఆయన పుట్టకముందు నుంచీ నటిస్తున్న ఒక మహానటి. అలవాటు ప్రకారం కెమెరా తిప్పలేదు. మామయ్య మంచం మీద నుంచి ఆమె చెయ్యి పట్టుకుని మాట్లాడుతుంటే లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఒక్క మాట పొల్లుపోలేదు. అయిపోయాక దర్శకుడు కెమెరామన్ వైపు చూశాడు. కెమెరామన్ తన చెప్పుల వైపు చూశాడు. రెండోసారి చేయమంటే ఆ మహానటి తిట్టిన తిట్లు ఆ స్టూడియోలో ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. మొదటి టేకులో సరిగ్గా చేసి మామయ్య మరోసారి సినిమా వాళ్ళను ముంచాడని అందరూ అనుకున్నారు. ఎదురుగా ఉన్నది ఎవరు అని ఎవరూ ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు.

ఇంట్లో మాత్రం మామయ్యకు ఈ జబ్బు లేదు. పాలగిన్నె కూడా ఒలకనివ్వడు. అత్తయ్యను అడిగితే ఒక్కసారి మాత్రం జరిగిందంటుంది. వాళ్ళిద్దరూ మొదటిసారి ఒకరినొకరు చూసుకున్న రోజున, పెద్దవాళ్ళందరి మధ్యలో అత్తయ్య కాఫీ ట్రే పట్టుకుని వణుకుతూ వచ్చిందట. ఇక ఒలికిపోతుందనగా, ఈయన తన కప్పు తీసుకుని నిండుగా తన చొక్కా మీదే పోసుకున్నాడు. ‘అప్పటినుంచి ఈ మనిషి దగ్గర నాకు భయమనేదే లేదు’ అంటుంది అత్తయ్య. అది పొగడ్తో తిట్టో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

ఇక నా సంగతి. మామయ్య పక్కన సంచి మోస్తూ, సెట్లలో తిరుగుతూ, ప్రతి దర్శకుడినీ చూసి ఇంతకన్నా నేను బాగా తీస్తానని లోలోపల అనుకుంటూ, ఒక కథ రాశాను. మూతబడిన పెంకుల ఫ్యాక్టరీలో పనిచేసిన ఒక ముసలాయన, ఆయన కూతురు. ఫ్యాక్టరీ పొగగొట్టం కూల్చేస్తున్న రోజున కూతురు తండ్రిని బలవంతంగా అక్కడికి తీసుకువస్తుంది. సినిమా మొత్తం ఆ గొట్టం కూలడం కోసమే నడుస్తుంది. నిర్మాతలందరి దగ్గరికీ తిరిగాను. ఒకాయన ముసలాయన్ను కుర్రాడిగా మార్చమన్నాడు. ఇంకొకాయన గొట్టం కూలే ముందు ఓ పాట పెట్టమన్నాడు. మూడో ఆయన కథ విన్నంతసేపూ నిద్రపోయి, లేచి, రెండో సగం కొంచెం నెమ్మదిగా ఉందన్నాడు. నిద్రలో మీకు మొదటి సగం బాగా నచ్చిందా అని అడిగాను. అక్కడ కాఫీ ఇవ్వలేదు.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్తే మామయ్య చాలాసేపు నవ్వాడు. నవ్వడం అయ్యాక, ‘నేనే తీస్తాను’ అన్నాడు. ముసలాయన వేషం కూడా తనదే. ఇన్నాళ్ళూ పరాయివాళ్ళ మొదటి టేకులు పాడుచేశారు, ఇక మనవే పాడుచేసుకుంటారన్నమాట అంది అత్తయ్య. అని, దాచుకున్నదంతా తెచ్చి ఆయన ముందు పెట్టింది. మా అమ్మ ఫోన్ చేసి, వాడి మాట నమ్మి నువ్వు మునగకురా అని తమ్ముణ్ణి హెచ్చరించింది. ఈసారి కూడా నేను పక్కనే ఉన్నాను.

నిర్మాతగా మామయ్యను చూడాల్సిందే. తన మొదటి టేకు పాడవగానే ఫ్రేములోంచి బయటికి వచ్చేవాడు, నిర్మాత కుర్చీలో కూర్చునేవాడు, కళ్ళజోడు పెట్టుకునేవాడు. ఎవరయ్యా ఈ నటుడు, ఎక్కడ పట్టుకొచ్చారు, ఇలాంటివాళ్ళతో సినిమా పూర్తవుతుందా అని అందరికీ వినబడేలా కేకలేసేవాడు. తర్వాత కళ్ళజోడు తీసేసి, లేచి వెళ్ళి, చేతులు కట్టుకుని, ‘క్షమించండి సార్, మళ్ళీ జరగదు’ అని ఖాళీ కుర్చీకి చెప్పుకునేవాడు. లైట్‌బాయ్‌లు పడీపడీ నవ్వేవారు. నాకు మాత్రం తల కొట్టుకోవాలనిపించేది.

కూతురి వేషానికి మనిషి కావాలి. ఒకరోజు నేను బస్సు కోసం వెళ్ళి ఎంక్వైరీ కౌంటర్ దగ్గర అడిగితే, లోపల కూర్చున్న అమ్మాయి తలెత్తకుండానే, ‘వెళ్ళిపోయింది. అటు కాదు, అది వేరే ప్లాట్‌ఫాం. ఇటు రండి. లైన్లో రండి’ అంది. బస్టాండు మొత్తం లైన్లోకి వచ్చింది. ఆ గొంతు విని నేను ఎక్కాల్సిన బస్సు మరిచిపోయి, ఆ పిల్ల డ్యూటీ అయ్యేదాకా బెంచీ మీద కూర్చున్నాను. సినిమా అంటే మొదట తిట్టింది. తర్వాత సెలవు పెట్టింది.

షూటింగ్ మొదలై వారమైనా కాలేదు, ఆ అమ్మాయి ఇంకా ఒక్క సీనులోనూ నటించలేదు, అప్పుడు గొట్టం కూల్చే కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. తేదీ ముందుకు జరిగిందట, ఎల్లుండే కూల్చేస్తున్నాడట. సినిమాలో ఆఖరి సీను మేం ముందే తీసుకోవాలన్నమాట. నేను ఆయన దగ్గరికి పరుగెత్తాను. కొంచెం ఆగండి అన్నాను. కుదరదన్నాడు. పోనీ మాకు రెండు అవకాశాలు ఇవ్వండి అన్నాను, ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియలేదు. ఆయన నన్ను జాలిగా చూశాడు.

‘బాబూ, గొట్టం ఒక్కసారే పడుతుంది. బాగా పడలేదు, మళ్ళీ లేచి పడమంటే పడటానికి అదేమన్నా మీ హీరోనా?’

ఒక్క టేకు. పుట్టి బుద్ధెరిగాక ఆ ఆస్పత్రి సీనులో తప్ప మొదటి టేకు సరిగ్గా చెయ్యని మనిషి. ఈ రెండు విషయాలూ యూనిట్ మొత్తానికి ఒకేసారి అర్థమయ్యాయి. కెమెరామన్ నన్ను పక్కకు పిలిచి, మీ మామయ్యగారిని వెనకనుంచి తీద్దాం, డూపును పెడదాం అన్నాడు. మేకప్ ఆయన, గొట్టాన్ని వదిలేసి బొమ్మ గొట్టం కట్టుకుందాం అన్నాడు. కూల్చే రోజున అత్తయ్య పొద్దుటినుంచీ ఫోన్ మీద ఫోన్ చేసి, ఆయన్ని ఏమీ అనకండిరా అని నాకు, పాడుచెయ్యకండి అని ఆయనకూ చెప్తూనే ఉంది.

నాకు నాన్చడం రాదు. మేకప్ వేయించుకుంటున్న మామయ్య ఎదురుగా నిలబడి, మామయ్యా, ఇది పాడైతే సినిమా లేదు అన్నాను. నీ డబ్బు పోతుంది, అత్తయ్య దాచుకున్నది పోతుంది, నేను మళ్ళీ కాలేజీకి పోవాలి అన్నాను.

‘ఆ కాలేజీ ఏం పాపం చేసిందిరా అల్లుడూ?’ అన్నాడు మామయ్య.

‘నవ్వులాట కాదు. మాటివ్వు.’

మాటిచ్చాడు. చాలా తేలిగ్గా ఇచ్చాడు. అదే నన్ను భయపెట్టింది.

సీను ఇది. ముందు తండ్రీ కూతుళ్ళు, వాళ్ళ వెనక దూరంగా గొట్టం. తండ్రి వెనక్కి చెయ్యి చూపించి, ‘అదిగో, అక్కడే నేను పనిలో చేరింది’ అంటాడు. కూతురు జవాబు చెప్పి చెయ్యి పట్టుకుంటుంది. ఇద్దరూ కెమెరా వైపు నడిచి వస్తుంటే వెనక గొట్టం కూలుతుంది. కాంట్రాక్టరు మూడు విజిల్స్ అన్నాడు. మొదటి విజిల్‌కు మనుషులంతా హద్దుగా కట్టిన తాడు దాటి ఇవతలికి వచ్చెయ్యాలి. రెండో విజిల్ అయ్యాక ఇక ఎవరూ ఆపలేరు, దేవుడు చెప్పినా ఆగదు. మూడో విజిల్‌కు పడుతుంది.

మొదటి విజిల్ అయింది. అందరూ ఇవతలికి వచ్చారు. అందరి కళ్ళూ మామయ్య మీదే. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని మానిటర్ ముందు కూర్చున్నాను. అప్పుడు, మానిటర్‌లో దగ్గరగా, ఆ అమ్మాయి మొహం చూశాను. రెప్ప వాలడం లేదు. పెదాలు తెల్లబడిపోయాయి. బస్టాండును లైన్లో నిలబెట్టిన పిల్ల, కరెంటు పోయిన ఫ్యానులా ఆగిపోయి ఉంది. మామయ్య పాడుచేస్తాడేమోనన్న బెంగలో ఈ పిల్ల సంగతి మాలో ఒక్కరికీ పట్టలేదు. లేచి వెళ్దామనుకునేలోపు రెండో విజిల్ వినిపించింది. కెమెరా తిరుగుతోంది. నోరెత్తితే నా గొంతు సౌండులో పడుతుంది.

హెడ్‌ఫోన్‌లో ఆ అమ్మాయి గొంతు సన్నగా వినబడింది. కాలర్ మైకులు వాళ్ళ ఒంటి మీదే ఉన్నాయి.

‘సార్, నా వల్ల కాదు. మాట రావట్లేదు. నేను పాడుచేసేస్తాను.’

‘నీకా? ఆ అవకాశం నీకెవరిస్తారమ్మా?’ మామయ్య పెదాలు కదపకుండా అంటున్నాడు. ‘ఇన్నేళ్ళుగా ఆ పని నాది. నాకంటే ముందు పాడుచేసినవాడు ఇంతవరకు పుట్టలేదు.’

‘అందరూ మీ గురించే భయపడుతున్నారు సార్.’

‘పడనీ. అందుకే కదా నీ వైపు ఎవరూ చూడటం లేదు. విను. ముందు నేను తప్పు చేస్తాను, అడ్డదిడ్డంగా చేస్తాను. నువ్వు రాసిందంతా మర్చిపో. నన్ను సరిదిద్దు చాలు. కౌంటర్లో రోజూ చేసే పనే కదా?’

ఈ మనిషి చెడగొట్టబోతున్నాడు. కావాలని. తెలిసి. నా సినిమాలో, తన సొంత డబ్బుతో, ఒకే ఒక్క టేకులో. అరవడానికి లేదు. పరుగెత్తడానికి లేదు. పక్కనున్న సౌండ్ ఆయన వైపు చూస్తే, ఆయన కూడా అదే విన్నాడు, కానీ ఆకాశంలో కొంగల్ని చూస్తున్నట్టు చాలా ప్రశాంతంగా కూర్చున్నాడు.

మామయ్య గొంతు సవరించుకున్నాడు. చెయ్యి ఎత్తాడు. వెనకనున్న గొట్టం వైపు కాకుండా, పక్కకు, యూనిట్ కోసం వేసిన రేకుల మరుగుదొడ్డి వైపు చూపించి, కళ్ళనిండా నీళ్ళతో, ‘అదిగో, అక్కడే నేను పనిలో చేరింది’ అన్నాడు.

కెమెరామన్ కళ్ళు మూసుకున్నాడు. మేకప్ ఆయన కింద కూర్చున్నాడు. ఆ అమ్మాయి మాత్రం మామయ్య వేలు చూపించిన వైపు చూసింది. మళ్ళీ మామయ్యను చూసింది. ఆపుకోలేక నవ్వింది, నవ్వుతూనే, ఆ కౌంటర్ గొంతుతో,

‘అటు కాదు నాన్నా. ఇటు’ అంది.

అని, రెండు భుజాలూ పట్టుకుని ఆయన్ను గొట్టం వైపు తిప్పింది. తిప్పాక ఆ పిల్ల కూడా గొట్టాన్ని చూసింది. మామయ్య తల పైకెత్తుతూ పోయాడు, గొట్టం చివరిదాకా. ఆ పిల్ల నవ్వు నెమ్మదిగా ఆగింది. చెయ్యి భుజం మీద నుంచి జారి ఆయన చేతిలోకి వెళ్ళింది. మూడో విజిల్. ఇద్దరూ మాకు వీపులు చూపిస్తూ నిలబడి ఉండగా, వాళ్ళ ముందు ఆ ఎర్రటి గొట్టం నడుము దగ్గర ఒకసారి ఆగి, ఎవరినో అడిగినట్టు కాస్త వంగి, కూలిపోయింది. దుమ్ము వచ్చి ఇద్దరినీ కప్పేసింది. దుమ్ములోంచి ఆ పిల్ల గొంతు, చాలా మామూలుగా, ‘పద నాన్నా, ఇంటికి పోదాం’ అంది.

కట్ చెప్పాల్సింది నేను. ఎవరో చెప్పారు. నేను కాదు.

కాంట్రాక్టరు పరుగెత్తుకొచ్చి, నా గొట్టం బాగా పడిందా అని అడిగాడు. కెమెరామన్ ఆయన్ను వాటేసుకున్నాడు. మామయ్య దుమ్ము దులుపుకుంటూ నేరుగా వెళ్ళి నిర్మాత కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, ‘ఎవరయ్యా ఆ నటుడు, దిక్కులు కూడా తెలియవు’ అని కేకలేశాడు. యూనిట్ మొత్తం ఈలలు వేసింది.

నేను ఆయన కుర్చీ దగ్గరికి వెళ్ళి, మామయ్యా, నేను విన్నాను అన్నాను. ఏం విన్నావన్నాడు. మైకు కాలర్‌కే ఉందన్నాను. చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది, మైకు తగిలింది, మొహం పాలిపోయింది. నా జన్మలో ఆయన నిజంగా తడబడటం చూసింది అప్పుడే.

‘గొడుగు కూడా ఇదేనా?’ అని అడిగాను.

‘ఆ రాజు పారిపోవడానికి వెనక తలుపు వెతుక్కుంటున్నాడురా.’

‘బేడీలు?’

‘ఆ కుర్రాడికి పొద్దుటినుంచీ ముద్ద దిగలేదు. పక్కన కూర్చోబెట్టి తినిపించాలంటే ఇంకో దారేదీ తోచలేదు.’ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. ‘ఎవరికీ చెప్పకు. ఒకసారి తెలిసిపోతే ఇక పనిచెయ్యదు.’

సౌండ్ ఆయన వైర్లు చుట్టుకుంటూ మా పక్కనుంచి వెళ్ళాడు. కాలర్ మైకులు వచ్చినప్పటినుంచీ తను ఇది వింటూనే ఉన్నాననీ, అందుకే రెండో టేకు జోకులకు తను ఎప్పుడూ నవ్వలేదనీ పోతూపోతూ చెప్పాడు.

సినిమా విడుదలైంది. మొదటి ఆటకు హాల్లో సగం మందే ఉన్నారు. గొట్టం కూలాక ఆ సగం మందీ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వారం తిరిగేసరికి టిక్కెట్లు దొరకలేదు. కథ వింటూ నిద్రపోయిన నిర్మాత ఫోన్ చేసి, నేను ముందే అనుకున్నానన్నాడు. పత్రికల వాళ్ళు నన్ను మెచ్చుకున్నారు. తన గతాన్ని చూడలేని తండ్రి శూన్యం వైపు వేలు చూపించడం ఈ యువ దర్శకుడి అపూర్వమైన ఊహ అని రాశారు. అది శూన్యం కాదు, మరుగుదొడ్డి. ఎంక్వైరీ అమ్మాయి మళ్ళీ కౌంటర్‌కు వెళ్ళింది, కానీ బస్సులు అడిగేవాళ్ళకన్నా ఫోటోలు అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. వాళ్ళను కూడా లైన్లో రమ్మంది. ఇప్పుడామె చేతిలో మూడు సినిమాలున్నాయి.

మామయ్య చెప్పవద్దన్న సంగతి నేనిప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, తెలిస్తే పనిచెయ్యదన్న ఆయన మాట తప్పని తేలింది కాబట్టి. తేలింది నా మీదే.

విజయోత్సవం పెట్టారు. పెద్ద హాలు, ముందు వరసలో బేడీలు పడ్డ ఆ పెద్ద హీరో, ఆయన పక్కన మా అమ్మ. దర్శకుడు మాట్లాడాలన్నారు. ఎవరికైనా మొహం మీదే సమాధానం చెప్పే నేను, ఆ జనాన్ని చూసేసరికి చల్లబడిపోయాను. కాళ్ళు కుర్చీకి మొలిచినట్టున్నాయి. మామయ్య నా వైపు ఒకసారి చూశాడు. ముందు నిర్మాతగా నేను రెండు మాటలు చెప్తానని లేచి వెళ్ళాడు.

చాలా గొప్పగా మాట్లాడాడు. చేతులు చాచాడు, పిడికిలి బిగించాడు, గుండెను తట్టుకున్నాడు, ఆకాశం వైపు చూశాడు. ఒక్క ముక్క ఎవరికీ వినబడలేదు. మైకు ఆన్ చెయ్యలేదు. హాల్లో నవ్వులు మొదలయ్యాయి. పెద్ద హీరో పొట్ట పట్టుకున్నాడు. మా అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. మామయ్య ఏమీ ఎరగనట్టు ఇంకా ఆవేశంగా చేతులు ఊపుతున్నాడు. నాకు అంతా తెలుసు. ఆయన ఏం చేస్తున్నాడో, ఎందుకు చేస్తున్నాడో, ఎవరికోసం చేస్తున్నాడో తెలుసు. తెలిసి కూడా చూస్తూ ఊరుకోలేకపోయాను. నవ్వు ఆపుకుంటూ లేచి, గబగబా వెళ్ళి, ఆయన చెయ్యి పక్కకు తోసి స్విచ్చి వేశాను.

హాలంతా మామయ్య గొంతు మోగింది.

‘వచ్చేశావు కదా, ఇక నువ్వే కానివ్వు’ అని, వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.